తాత ఫౌజుల చేసిండా? పాత కొలువు రికార్డుల్లో వంశం జాడ తీసే పద్ధతి

ఓరుగల్లు చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఈ మాట వినబడుతుంది: "మా ముత్తాత ఫౌజుల చేసిండట." ఎవరి ఫౌజు, ఏ కాలం, ఎవరు భర్తీ చేసుకున్నరు అని అడిగితే మాత్రం అక్కడితో ఆగిపోతుంది. మా ఇంట్లోనూ అంతే. మా బాపుకు గుర్తున్నది ఒక్క ముక్క: "చేతిల కట్టె, నడుముకు ఇత్తడి బిళ్ల. కచేరికి పైసలు మోసుకపోయేటోళ్ల ఎంబడి పోయేటోడు." ఆ ముక్క పట్టుకుని నేను మూడేండ్లు తిరిగాను. మొదటి రెండేండ్లు తప్పు చోట వెతికాను, సైన్యం రిజిస్టర్లలో. మా ముత్తాత పేరు దొరికింది ఊరి భూమి పుస్తకంలో.

మీరు ఆ రెండేండ్లు పోగొట్టుకోవద్దనే ఇది రాస్తున్నాను. పాత రోజుల్లో ఊరిని కాచే బలగానికి సర్కారు జీతం బదులు భూమి ఇచ్చింది. కాబట్టి ఆ బలగం హాజరు పట్టీ భూమి రికార్డులోనే ఉంటుంది. ఈ సంగతి పట్టుబడితే సగం పని అయినట్టే.

ముందు ఇంట్లో అడగాల్సిన రెండు ప్రశ్నలు

కార్యాలయాల గడప తొక్కకముందు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. పేర్లు, తారీఖులు అడగకండి, అవి వాళ్లకు గుర్తుండవు. అడగాల్సినవి వేరే. ఒకటి, చేతిలో తుపాకా, కట్టెనా? రెండు, జీతం పైసల్లో వచ్చేదా, భూమి ఇచ్చినారా?

తుపాకి, నెల జీతం అంటే నిజాం సైన్యమో, పోలీసో, బ్రిటిషు వాళ్ల పలటనో అయి ఉంటుంది. కట్టె, మాన్యం అంటే ఊరి కాపలా బలగం. మన వైపు ఆ మనిషిని సేత్‌సింధీ అంటారు. మరాఠీ ప్రాంతంలో 'శేత్‌సనదీ' అన్న మాట ఉంది. శేత్ అంటే పొలం, సనద్ అంటే రాసిచ్చిన హక్కు పత్రం. పొలం సనదు మీద కొలువు చేసే మనిషి అని అర్థం. మరాఠా పాలన నాటి నుంచీ వీళ్లది స్థానిక బలగం, కోటలకు కాపలా ఉన్నవాళ్లు, శిస్తు వసూలుకు తోడు పోయినవాళ్లు. నిజాం కాలం వచ్చేసరికి మన ఊళ్లల్లో శిస్తు చూసే మాలి పటేలుకు, కాపలా చూసే పోలీసు పటేలుకు, లెక్కలు రాసే పట్వారీకి చేదోడుగా మిగిలారు. రాత్రి గస్తీ, కచేరికి శిస్తు సొమ్ము చేర్చడం, ఊరికి వచ్చిన అధికారి వెంట తిరగడం వాళ్ల పని.

"అంటే సైనికుడు కాదా?" అని మా పిల్లలు మొహం చిన్నబుచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ మాట వినగానే మా ముత్తాత మొదటిసారి మనిషిగా కనబడ్డాడు. వానాకాలం అర్ధరాత్రి కట్టె పట్టుకుని ఊరంతా తిరిగినవాడు, ఆ ఊరి చెరువు కింద మడి దున్నుకున్నవాడు.

సందూకు కూడా తీసి చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిషు వెండి పతకం ఉంటే దాని అంచు మీద సన్నటి అక్షరాల్లో సిపాయి నంబరు, పేరు, దళం పేరు కొట్టి ఉంటాయి. నిమ్మకాయతోనో చింతపండుతోనో తోమకండి, ఆ అక్షరాలు అరిగిపోతాయి. పొడిబట్టతో తుడిచి, పక్క నుంచి వెలుతురు పడేటట్టు పెట్టి ఫోటో తీయండి.

ఊరు అప్పుడు ఏ తాలూకాలో ఉంది, ఎవరి చేతిలో ఉంది

పాత రికార్డు పేరును బట్టి పేర్చి ఉండదు, ఊరును బట్టి పేర్చి ఉంటుంది. అందుకే ఊరు ఖాయం చేసుకోవాలి. ఇప్పుడున్న జిల్లా పేరు చెప్తే పనికిరాదు. 2016లో జిల్లాలు విడదీసి, తర్వాత పేర్లు మార్చినప్పటి నుంచి మన పిల్లలకు వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరువేరు జిల్లాలు. నిజాం కాలంలో లెక్క వేరు. హనుమకొండ కేంద్రంగా వరంగల్ సుబా (కొన్ని జిల్లాలు కలిసిన పెద్ద విభాగం) ఉండేది. సుబేదారి అన్న పేరు ఇప్పటికీ అందుకే నిలిచింది. జనగామ తాలూకా 1953 దాకా నల్లగొండ జిల్లాలో ఉంది. ఖమ్మం అదే ఏడు వరంగల్ నుంచి విడిపోయింది. కరీంనగర్ జిల్లాకు 1905కు ముందు ఎలగందుల అని పేరు. అంటే జనగామ దిక్కు కుటుంబం 1940ల నాటి కాగితం కోసం వరంగల్ దస్త్రాలు తిరగేస్తే ఏమీ దొరకదు, నల్లగొండ దస్త్రాలు అడగాలి.

రెండో సంగతి, ఆ ఊరు దివానీదా, జాగీరుదా, సర్ఫెఖాస్‌దా తేల్చుకోవాలి. దివానీ అంటే నేరుగా సర్కారు ఏలుబడి. సర్ఫెఖాస్ నిజాం సొంత ఆస్తి. జాగీరు ఊళ్లల్లో జాగీరుదారు తన లెక్కలు తానే రాయించుకునేవాడు, కాపలా మనుషులను కూడా తానే పెట్టుకునేవాడు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాకనే ఆ ఊళ్లు సర్కారు లెక్కలోకి వచ్చాయి. జాగీరు ఊరైతే పాత సేత్వార్ (భూమి మొదటిసారి కొలిచినప్పటి పుస్తకం) దొరకకపోయినా గాబరా పడకండి, 1950ల రికార్డు నుంచి వెనక్కి నడవండి.

ఫస్లీ, హిజ్రీ: తొమ్మిదేండ్ల తేడా

కాగితం మీద 1337 అని ఉంటుంది. అది ఏ సంవత్సరం? ఫస్లీ (నిజాం సర్కారు రెవెన్యూ సంవత్సరం) అయితే 1927-28. హిజ్రీ (ముస్లింల చాంద్రమాన సంవత్సరం) అయితే 1918-19. తొమ్మిదేండ్ల తేడాలో ఒక తరం మనిషి చిన్నపిల్లవాడు అయిపోతాడు, లేదా చనిపోయిన మనిషి కొలువులో చేరినట్టు కనబడుతుంది. రెవెన్యూ కాగితాలు ఎక్కువగా ఫస్లీలో, సనదులు, ఫర్మానాలు ఎక్కువగా హిజ్రీలో ఉంటాయి. అయినా అంచనా మీద పోవద్దు, నెల పేరు చూడండి. ఆజుర్, దై, బహ్మన్, ఇస్ఫందార్, ఖుర్దాద్, తీర్, మెహర్, ఆబాన్ లాంటి పేర్లు ఉంటే ఫస్లీ. మొహర్రం, సఫర్, రజబ్, రంజాన్ ఉంటే హిజ్రీ.

నిజాం పాలన చివరి దశాబ్దాల్లో ఫస్లీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజుర్ నెలతో మొదలయ్యేది. మొదటి మూడు నెలలకు 590, మిగతా నెలలకు 591 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబరు 1357 ఫస్లీలో పడుతుంది. ఈ ఒక్క జత గుర్తు పెట్టుకుంటే ఎక్కడైనా లెక్క సరిచూసుకోవచ్చు.

ఖాస్రా పహాణీ ముందు, సేత్వార్ తర్వాత

వెతుకులాట 1954-55 ఖాస్రా పహాణీతో మొదలుపెట్టండి. తెలంగాణ ఊళ్లల్లో ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉంది, ఎవరు దున్నుతున్నారు అన్నది ఇంత పూర్తిగా రాసిన పుస్తకం మరొకటి లేదు. భూమి తగాదాల్లో కోర్టులు దీన్నే ముందు అడుగుతాయి. కుటుంబ చరిత్రకు కూడా ఇదే మెట్టు. ముత్తాత పోయి ఉన్నా ఆయన కొడుకు అందులో ఉంటాడు, తండ్రి పేరుతో సహా.

పహాణీ నకలు మీసేవలో గాని, తహసీల్దారు కార్యాలయంలో గాని అడగవచ్చు. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయినప్పుడు వాళ్ల దగ్గరున్న ఊరి పుస్తకాలు తహసీల్దారు కార్యాలయాలకు చేరాయి. అందుకని ఊళ్లో పాత పట్వారీ ఇంటి చుట్టూ తిరగడం ఇప్పుడు దండగ. "లేదు పొండి" అన్న జవాబు వస్తే సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నా అనుభవం ఇది: ఒక కార్యాలయంలో మా ఊరి పుస్తకం చెదలు పట్టి పోయిందని నోటిమాటగా నాలుగుసార్లు చెప్పారు. దరఖాస్తు పెట్టిన తర్వాత అదే పుస్తకం అదే బీరువాలో దొరికింది. చెదలు అట్టకే పట్టింది, పేజీలకు కాదు.

దరఖాస్తులో "మా ముత్తాత వివరాలు కావాలి" అని రాయకండి. ఊరు, సర్వే నంబరు, సంవత్సరం రాయండి. సర్వే నంబరు తెలియకపోతే సేత్‌సింధీ, నీరడి (చెరువు నీళ్లు పారించేవాడు), బలుత (ఊరి కులవృత్తుల వాళ్లు) ఇనాం కింద నమోదైన నంబర్లన్నీ ఇవ్వమని అడగండి. కొలువు మాన్యాలన్నీ ఒక్క జాబితాలో వస్తాయి. మీ ఇంటివాళ్లు ఎక్కడున్నా అందులో పడతారు.

నకలు చేతికి వచ్చాక పట్టాదారు గడి ఒక్కటే చూసి పక్కన పెట్టకండి. మా పేజీలో పట్టాదారు గడిలో సర్కారు అని ఉంది. అక్కడే ఆగి ఉంటే అంతా అయిపోయేది. పక్క గడిలో సేత్‌సింధీ ఇనాం అని, ఆ పక్కన సాగు చేసే మనిషి పేరు, తండ్రి పేరు, మూడెకరాల పదకొండు గుంటలు. ఆ తండ్రి పేరే నేను వెతుకుతున్న పేరు.

అక్కడి నుంచి వెనక్కి పోవడానికి సేత్వార్ కావాలి. అది భూమి మొదటిసారి కొలిచి, నంబర్లు వేసి, శిస్తు కట్టినప్పటి మూల పుస్తకం. సర్వే, భూమి రికార్డుల శాఖ జిల్లా కార్యాలయంలో అడగాలి. పహాణీలో కొడుకు ఉంటే సేత్వార్‌లో తండ్రో తాతో ఉంటారు. ఆ రెంటి నడుమ వారసత్వం మారినప్పుడు విరాసత్ కాగితం పుట్టి ఉంటుంది. వంశవృక్షానికి దానంత గట్టి ఆధారం లేదు, ఎవరు పోతే ఎవరు కొలువులోకి వచ్చారో అందులో రాసి ఉంటుంది. పెద్ద ఇనాం అయితే ముంతఖబ్ అనే ఉత్తర్వు కూడా ఉండవచ్చు. ఇనాం ఎవరికి, ఎందుకు, ఏ వారసులకు అన్నది విచారణ చేసి ఇచ్చిన కాగితం అది. 1955 ఇనాముల రద్దు చట్టం కూడా సేత్‌సింధీ, నీరడి, బలుత ఇనాములను పేరు పెట్టి చెప్పింది. ఆ చట్టం కింద నడిచిన కేసుల ఫైళ్లలో వారసుల జాబితాలు ఉంటాయి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పాత ఇనాం భూమి కాగితం అడుగుతున్నారంటే ఊళ్లో అందరి చెవులూ నిక్కబొడుచుకుంటాయి. ఆ భూమి ఇప్పుడు ఎవరో దున్నుకుంటూ ఉంటారు. "భూమి మీదికి వస్తున్నడు" అన్న పుకారు మీరు ఊరికి చేరకముందే చేరుతుంది. దరఖాస్తు పెట్టకముందే వాళ్ల ఇంటికి పోండి. "అన్నా, నాకు గుంట కూడా అక్కర లేదు, మా ముత్తాత పేరు రాసిన కాగితం చూడాలె, అంతే" అని చెప్పండి. నేను ఆలస్యంగా పోయాను. అంతకుముందు నన్ను చూసి తలుపేసుకున్న ఆ ఇంటి పెద్దాయన, సంగతి తెలిశాక తన దగ్గరున్న పాత శిస్తు రసీదుల కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో రెండింటి మీద మా వాళ్ల పేరుంది.

ఉర్దూ చేతిరాత: ఐలయ్యా, ఎల్లయ్యా?

పాత పుస్తకాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. 1880లకు ముందువి ఫార్సీలో. అది గొలుసుకట్టు రాత, చుక్కలు కూడా సరిగా పెట్టరు. మీకు ఉర్దూ రాకపోయినా ఆరేడు మాటలు గుర్తుపట్టడం నేర్చుకోండి: మౌజె అంటే ఊరు, సాకిన్ అంటే నివాసం, వల్ద్ అంటే ఫలానా వాని కొడుకు, జౌజె అంటే ఫలానా వాని భార్య, ఖౌమ్ అంటే కులం, పేషా అంటే వృత్తి, ఉమ్ర్ అంటే వయసు. మన పాత దస్తావేజుల్లో ఇవే మాటలు తెలుగు లిపిలో కూడా ఉంటాయి కాబట్టి చెవికి కొత్త కాదు. లెక్కలు రఖం అనే గుర్తుల్లో ఉంటే మాత్రం తెలిసినవాళ్లకే చూపించాలి, ఊహించి చదవకండి.

అసలు చిక్కు పేర్లతో వస్తుంది. ఉర్దూలో ఒక్క 'యే' అక్షరమే ఇ, ఈ, ఎ, ఏ, ఐ, య అన్నింటికీ పని చేస్తుంది. ఒక్క 'వావ్' ఉ, ఊ, ఒ, ఓ, వ అన్నింటికీ. ణకు నకు, ళకు లకు తేడా లేదు. ఒత్తు గుర్తు సాధారణంగా రాయరు. అలిఫ్, యే, లామ్, యే, అలిఫ్ అని ఐదక్షరాలు ఉన్నాయనుకోండి. అది ఐలయ్య కావచ్చు, ఎల్లయ్య కావచ్చు. నాకు నకలు చదివి పెట్టిన మనిషి ఎల్లయ్య అని తెలుగులో రాసిచ్చాడు. నేను ఆరు నెలలు ఎల్లయ్య సంతానాన్ని వెతికాను. మా ఇంటి ఇలవేల్పు ఐలోని మల్లన్న, మా ముత్తాత పేరు ఐలయ్య అని మా మేనత్త అన్నప్పుడు గాని తప్పు తెలియలేదు.

కాబట్టి చదివించినప్పుడు పేరు ఒక్కటే రాయించుకోకండి, ఏ అక్షరం తర్వాత ఏ అక్షరం ఉందో కూడా రాయించుకోండి. మన దిక్కు పేర్లు దేవుళ్లను బట్టి వస్తాయి, అది కూడా సాయం చేస్తుంది. కొమురెల్లి మల్లన్నను కొలిచే ఇంట్లో కొమురయ్య, వేములవాడకు మొక్కే ఇంట్లో రాజయ్య, ఓదెల మల్లన్న ఇంట్లో ఓదెలు, మేడారం పోయే ఇంట్లో సమ్మయ్య. ఆ దేవుళ్ల పేర్లే కాబట్టి ఒక్క ఊళ్లో పదిమంది కొమురయ్యలు ఉంటారన్నది కూడా మరువవద్దు. ఇంటిపేరు పాత పేజీల్లో చాలాసార్లు ఉండదు. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, సర్వే నంబరు. ఈ నాలుగింటిలో మూడు కలవనిదే "మా వాడే" అనవద్దు.

ఇంటిపేరును బట్టి "మేము కాకతీయుల సేనాపతుల వంశం" అని రాసుకునేవాళ్లను చాలామందిని చూశాను. అభిమానం మంచిదే. కానీ నడుమ ఆరేడు వందల ఏండ్ల కాగితం లేకుండా ఆ మాటను వంశవృక్షంలో ఎక్కించకూడదు.

నిజంగా ఫౌజు అయితే

తుపాకి, నెల జీతం అన్న జవాబు వచ్చినవాళ్లకు దారి వేరు. ముందు ఒక పొరపాటు తప్పించుకోండి. 'హైదరాబాద్' అన్న పేరున్న ప్రతి దళం నిజాంది కాదు. హైదరాబాద్ కంటింజెంట్ నిజాం డబ్బుతో బ్రిటిషు అధికారులు నడిపిన బలగం. 1903లో అది భారత సైన్యంలో కలిసిపోయింది. ఆ పలటన్ల నుంచే తర్వాత 19వ హైదరాబాద్ రెజిమెంటు వచ్చింది. దానికే 1945లో కుమావ్ రెజిమెంటు అని పేరు మార్చారు. అందులో ఎక్కువ మంది ఉత్తరాది వాళ్లు. నిజాం సొంత బలగాలు వేరు: రెగ్యులర్ సైన్యం, అరబ్బులు, రోహిల్లాలు, సిక్కులు ఉన్న నజ్మె జమియత్ అనే ఇర్రెగ్యులర్ బలగం, సామ్రాజ్య సేవ కోసం పెట్టిన లాన్సర్ల అశ్వదళం.

నిజాం బలగాల దస్త్రాలకు హైదరాబాద్ తార్నాకలో ఉన్న రాష్ట్ర పురాభిలేఖ కేంద్రానికి పోవాలి. గుర్తింపు కార్డు, దరఖాస్తు పట్టుకుని పోండి. ఏ శాఖ, ఏ కాలం, ఏ సుబా అన్నది ముందే కాగితం మీద రాసుకుని పోతే అక్కడి సిబ్బంది దారి చూపిస్తారు. ఊరికే పేరు చెప్తే ఎవరూ ఏమీ చేయలేరు.

ఆ కేంద్రంలో మొగలుల కాలపు 'అర్జ్ ఓ చెహ్రా' కాగితాలు ఉన్నాయి. మన రైతు కుటుంబాల పేర్లు వాటిలో ఉండే అవకాశం తక్కువ, అయినా ఒక్కటైనా చూడండి. చెహ్రా అంటే ముఖం. ఫోటో లేని కాలంలో సిపాయిని భర్తీ చేసుకుంటే అతని పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి రంగు, నుదురు, కనుబొమ్మలు, మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసి పెట్టుకునేవాళ్లు, గుర్రానికి వేసిన ముద్రతో సహా. ఒకరి బదులు ఒకరు వచ్చి జీతం తీసుకోకుండా ఈ జాగ్రత్త. ఈ పద్ధతే తర్వాతి కాలం పోలీసు, జైలు పుస్తకాల్లో హులియాగా కొనసాగింది. మీ తాత 1940ల్లో రజాకార్ల కాలంలోనో, సాయుధ పోరాటంలోనో జైలు పాలయి ఉంటే ఆయన పుట్టుమచ్చలు ఏదో ఒక రిజిస్టరులో ఉండి ఉంటాయి. పోరాటంలో ఉన్నవాళ్ల కుటుంబాలు స్వాతంత్ర్య సమరయోధుల పింఛను దరఖాస్తును కూడా అడగాలి. ఆయన సొంత మాటల్లో రాసిన పేజీలు, తోటివాళ్లు ఇచ్చిన ధ్రువపత్రాలు దానికి జత చేసి ఉంటాయి.

యుద్ధంలో పోయినవాళ్ల కోసం కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితా ఇంటర్నెట్టులో ఉచితంగా చూడవచ్చు. హైదరాబాద్ లాన్సర్లు మొదటి యుద్ధంలో సూయజ్, పాలస్తీనా వైపు పోయారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ దళాల గుర్తుగా పెట్టినవే. 1941 డిసెంబరులో జపాను సేన మలయాలోని కోట భారు దగ్గర దిగినప్పుడు అక్కడి విమానాశ్రయం కాపలాలో హైదరాబాద్ సంస్థాన పదాతి దళం ఉంది. అట్లా పోయినవాళ్ల కోసం ఈజిప్టులో హీలియోపోలిస్, సింగపూరులో క్రాంజీ స్మారకాల జాబితాలు చూడండి. బతికి తిరిగి వచ్చినవాళ్లు ఆ జాబితాలో ఉండరు. లాహోరులో బయటపడ్డ మొదటి యుద్ధపు భర్తీ రిజిస్టర్ల గురించి మీరు విని ఉండవచ్చు, అవి పంజాబు ఊళ్లవి, మనకు పనికిరావు. స్వాతంత్ర్యం తర్వాత సైన్యంలో చేసినవాళ్లకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దారి చెప్తుంది.

కాగితం లేని చోట

కాగితం దొరకలేదని ఆగకండి. మన దగ్గర వంశాలు నోటితో చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. ముదిరాజులకు కాకిపడిగెల వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు, గొల్లలకు మందహెచ్చుల వాళ్లు, కాపులకు పిచ్చకుంట్ల వాళ్లు. ఇంటింటికి హక్కుగా వచ్చి గోత్రం, మూలపురుషుడు, వలస వచ్చిన ఊరు చెప్పి త్యాగం అనే కానుక తీసుకుపోతారు. వాళ్లు చెప్పే పై తరాలు కథగా ఉంటాయి. కింది నాలుగైదు తరాల పేర్లు మాత్రం నాకు పహాణీతో సరిపోయాయి, ఒక్క పేరు తప్ప. వాళ్లు వచ్చేది పంటలు ఇంటికి చేరాక. ఫోనులో రికార్డు చేసుకోవచ్చా అని ముందే అడగండి, ఇవ్వాల్సిన త్యాగం తక్కువ చేయకండి.

దొరికిన ప్రతి పేరుకు ఒక కాగితం పెట్టుకోండి. పైన ఊరు, నాటి తాలూకా. కింద ఫస్లీ సంవత్సరం ఉన్నది ఉన్నట్టు, దాని పక్కన ఇంగ్లీషు సంవత్సరం. ఉర్దూ అక్షరాల వరుస. ఎక్కడ చూశారు, ఏ పేజీ, ఏ రోజు చూశారు. ఖాయమైన మాట నల్ల సిరాతో, ఎవరో చెప్పిన మాట పెన్సిలుతో. మా ఐలయ్య తాత కాగితం మీద ఒక్క గీత ఇంకా పెన్సిలుతోనే ఉంది, ఆయన తండ్రి పేరు. సేత్వార్‌లో ఆ చోట సిరా కారిపోయింది. సంక్రాంతి దాటాక కాకిపడిగెల పెద్దమనిషి మా ఊరికి వస్తాడు, ఆ పేరు ఆయన నోటి నుంచి ఇంకోసారి వినాలి.